అతుకు మీద పసుపు

గున్నమ్మ ఇంట్లో పొద్దెక్కినా పొయ్యి వెలగలేదు.

గంగులు రెండుసార్లు వంటింట్లోకి తొంగి చూశాడు. రెండుసార్లూ కుండలో నీళ్ళు ముంచుకు తాగి బయటికి వచ్చాడు. ఏ నీటి వాలున వల వెయ్యాలో భావనపాడులో కుర్రకారంతా ఆయన్ని అడిగే వెళతారు గానీ, సొంత ఇంట్లో చింతపండు ఏ డబ్బాలో ఉందో ఆయనకు తెలియదు. తెలిసిన మనిషి ఒడ్డున, తమ బోటు నీడలో, ఇంటికి వీపు పెట్టి కూర్చుంది. ఆమె కొంగుకు ట్రంకు తాళంచెవి ముడేసి ఉంది.

గంగులుకు, కొడుకు కొండబాబుకు అన్నం కావాలి. కోడలు ఉషకు తాళంచెవి కావాలి. గున్నమ్మకు ఏం కావాలో ఎవరికీ అంతుపట్టలేదు.

ఆ ట్రంకులో మిథనాల్ సీసాలున్నాయి. శ్రీకాకుళం కాలేజీ నుంచి వాటిని తెచ్చిన రోజే ఉష ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెప్పింది. వాసన సారాలాగే ఉన్నా ఇది సారా కాదు, గుటక మింగితే కళ్ళు పోతాయి, ప్రాణమే పోవచ్చు అని. ఆ మాట పూర్తికాకముందే గున్నమ్మ ట్రంకుకు తాళం వేసి చెవి కొంగున కట్టుకుంది. తాను తాగుడు మానేసి ఎన్నో ఏళ్ళయిందని గంగులు నొచ్చుకున్నాడు. తాగుడు మానేశావు గానీ ముక్కు ఉంది కదా అంది గున్నమ్మ. పడుకున్నప్పుడు కూడా ఆ కొంగు తలకిందే పెట్టుకునేది.

ఈరోజు ఆ జాగ్రత్తే ఉష మెడకు చుట్టుకుంది.

వరండాలో బల్ల మీద ఉష పెట్టె ఉంది. ప్లాస్టిక్ పలకల మధ్య అరలు వరసగా పేర్చి, చుట్టూ మరలు బిగించిన పెట్టె. మిథనాల్ పోస్తే కరెంటు ఇస్తుంది. కాలేజీలో దాన్ని ఫ్యూయల్ సెల్ అంటారు. ప్రతి అరలోనూ నడిమధ్య ఒక పలచని పొర, దానికి అటూ ఇటూ లోహపు పొడి పూసిన నల్లని గుడ్డలు. ఒక గుడ్డ మిథనాల్‌ని మంట లేకుండానే లోలోపల మండించి కరెంటు లాగుతుంది. రెండోది గాలి పీల్చుకుంటుంది. లోపలంతా క్షారం కలిపిన నీళ్ళు కాబట్టి ఆ పొడికి ప్లాటినం లాంటి ఖరీదైన లోహం అక్కర్లేదు, చాలావరకు నికెల్‌తోనే పని జరుగుతుంది. ఇక పొర పనల్లా మిథనాల్‌ని అవతలి వైపుకు పోకుండా ఆపడం, దాటవలసినదాన్ని దాటనివ్వడం.

"వల కన్ను లాటిదత్తా. సిన్నది పోవాలి, పెద్దది ఆగాలి" అని ఉష చెప్పినప్పుడు గున్నమ్మకు ఆ శాస్త్రమంతా ఒక్క ముక్కలో బోధపడింది.

పైగా ఆ పొర పుట్టింది ఆమె ఒలిచిన రొయ్యల పొట్టు నుంచే. పొట్టును కడిగి, ఒకసారి ఆమ్లంలోనూ ఒకసారి క్షారంలోనూ నానబెట్టి, మిగిలిన తెల్లటి పదార్థాన్ని ఇంకో పాలిమర్‌తో కలిపి, గాజు పలక మీద తాటి తాండ్ర పరిచినట్టు పరిచి ఆరబెడుతుంది ఉష. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు వాకిట్లో పారబోసే పొట్టు నుంచి కరెంటు పెట్టెకు గుండెకాయ తీయవచ్చని చెప్పినప్పుడు, కాలేజీలో ఆమె పరిశోధనకు గైడు నరసింగరావు గారు మొదట సంతోషించారు. కానీ పెట్టెకు తగిలించిన దీపం ఒకసారి వెలిగి కాసేపటికే మసకబారి కునికింది. రెండోసారీ అంతే. రొయ్య పొట్టు పొర మిథనాల్‌ని ఆపలేకపోతోందని ఆయన అనుమానం. ఈసారి కూడా కునికితే ఈ పొరను పక్కనబెట్టి, విదేశం నుంచి తయారుగా వచ్చే పొరతో పని మొదలుపెడదామన్నారు. చూడడానికి మధ్యాహ్నం బస్సుకు ఆయనే వస్తున్నారు.

ఆ పొర పోతే, తాను పడ్డ ఇంత శ్రమలో తనదంటూ మిగిలేది ఏమీ ఉండదని ఉషకు తెలుసు. అందుకే పొద్దున్న నోరు జారింది.

జరిగింది ఇది. కొత్త పడవ నీళ్ళలో దిగే ముందు ఇంటి ఆడది సముద్రపు నీళ్ళలో పసుపు కలిపి అతుకు అతుకుకీ పూస్తుంది. గండం వచ్చేది అతుకు దగ్గరే గనక గంగమ్మ కాపలా కూడా అక్కడే ఉండాలని. ఫైబర్ బోట్లు వచ్చాక అతుకులు లేకుండా పోయాయి. గున్నమ్మ బోటు అంచు చుట్టూ పూసి సరిపెట్టుకుంటోంది గానీ ఆమె మనసుకు అది చాలదు. ఇవాళ సాయంత్రం పరీక్ష కోసం ఉష పెట్టె బోటెక్కి సముద్రం మీదికి వెళ్ళాలి. చూస్తే దాని నిండా అతుకులే. చాన్నాళ్ళకు చేతినిండా పని దొరికిందని గున్నమ్మ తెల్లవారుతూనే ఒక్క అతుకు వదలకుండా పూసేసింది.

ఉష లేచి వచ్చేసరికి పెట్టె పెళ్ళికూతురిలా పచ్చగా ఉంది.

ఎవరిని అడిగి ముట్టుకున్నావని ఉష అరిచింది. అంతా పాడు చేశావంది. ఎండుచేపల గంప దింపుకోవడానికి వచ్చిన పొరుగింటి జగ్గమ్మ ఎదురుగానే అంది. తడిగుడ్డ తెచ్చి పెట్టె పైభాగం తుడవడం మొదలుపెట్టి, అత్త మొహం చూసి చెయ్యి ఆపింది. కానీ అప్పటికే మాట గడప దాటింది. గున్నమ్మ చేతులు కడుక్కుంది. కొంగు ముడి ఇంకాస్త బిగించింది. చెప్పులు కూడా వేసుకోకుండా ఒడ్డుకు నడిచింది.

రాయబారానికి కొండబాబు వెళ్ళాడు. వెళ్ళినంత వేగంగానూ వచ్చాడు.

"ఏటన్నాది?" అని అడిగింది ఉష.

"సముద్రం బాగున్నాది అన్నాది."

"నా గురించి?"

"సముద్రం గురించే, రెండుసార్లు అన్నాది."

జగ్గమ్మ ఇంటి నుంచి టీ గ్లాసు పట్టుకుని మళ్ళీ వెళ్ళాడు. ఆమె టీ తాగి, గ్లాసు చేతికిచ్చి, కెరటాలకేసి తిరిగింది. తాగిందంటే సగం దారికి వచ్చినట్టేనని గంగులు ధైర్యం చెప్పాడు. మిగిలిన సగం దారి మీరే తీసుకురండి మావా అంది ఉష. ఆయన గబగబా వలకు చిల్లులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

చివరికి ఉషే వెళ్ళింది.

ఇసకలో అత్త పక్కన కూర్చుంది. గున్నమ్మ తల తిప్పలేదు. ఉష ఆమెకు కోడలు కాకముందు తమ్ముడి కూతురు. నడక రాని రోజుల్లో ఆ పిల్లను ఒక చంకన, చేపల గంపను నెత్తిన పెట్టుకుని సంతలకు తిరిగిన మనిషి గున్నమ్మ. అలాంటి మనిషి పక్కన మాట కోసం వెతుక్కోవలసి రావడం ఉషకు ఇదే మొదలు.

"తప్పయిపోనాదత్తా."

ఒక కెరటం వచ్చి పోయింది. ఇంకొకటి వచ్చింది.

"జగ్గమ్మ ముందర అన్నావు" అంది గున్నమ్మ.

"అన్నాను."

"నా సెయ్యి తగిల్తే పాడైపోద్దేటి? ఆ పొర ఏటితో సేసినావు? ఈ సేత్తో ఒలిసిన పొట్టు కాదేటి?"

భయం చేతిని చూసి కాదనీ, ఉప్పును చూసి అనీ ఉష మెల్లగా చెప్పింది. సముద్రపు నీళ్ళు పెట్టె లోపలికి దిగితే, ఆ ఉప్పు పొరలో క్షారం ఉండవలసిన చోట చేరి దాని బలం తగ్గిస్తుందంది.

గున్నమ్మ శ్రద్ధగా విన్నది.

"రొయ్య ఎక్కడ పుట్టినాదే?"

"సముద్రంలో."

"పుట్టినకాడ నుంచీ ఉప్పునీళ్ళలోనే పెరిగిన పొట్టుకి నా నాలుగు సుక్కలు పడవా?"

ఉషకు నవ్వొచ్చింది. ఇది నవ్వవలసిన సమయం కాదని పెదవి కొరుక్కుంది. లాభం లేకపోయింది. మోకాళ్ళ మీద తల పెట్టుకుని నవ్వింది. గున్నమ్మ నవ్వలేదు. కానీ అప్పటిదాకా సముద్రానికి ఇచ్చిన మొహం కాస్త ఇటు తిప్పింది. చెయ్యి కొంగు ముడి మీదికి వెళ్ళింది.

అప్పుడే జగ్గమ్మ ఇసకలో పడుతూ లేస్తూ వచ్చింది.

"ఓలమ్మ, గున్నమ్మా, బేగి రాయే. నీ కోడలి పెట్టెకి నెత్తురొస్తన్నాది."

వాళ్ళు వరండాలోకి వచ్చేసరికి గంగులు, కొండబాబు పెట్టెకు దూరంగా, గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. పెట్టె కింది మూలలో, ఒక అతుకు వెంట, సన్నని ఎర్రగీత. కింద బల్ల మీద ఎర్రని చుక్క. పూసిన పసుపును తుడవబోయినందుకు గంగమ్మ తల్లికి కోపం వచ్చిందని జగ్గమ్మ అప్పుడే తేల్చేసింది. గున్నమ్మ చెంపలు వేసుకుంది. పిల్ల తెలియక చేసింది తల్లీ అని మొక్కుకుంది. పొద్దుటి నుంచి కోడలి మీద పెంచుకున్న అలకంతా ఆ మొక్కులో ఎటు పోయిందో ఆమెకే తెలియదు.

ఉష మాత్రం వంగి చూస్తోంది. అన్ని అతుకుల మీదా పసుపు పసుపులాగే ఉంది. ఆ ఒక్క మూలలోనే ఎర్రబడింది.

"అత్తా, పారాణికి పసుపులో ఏటి కలుపుతావు?"

"సున్నం. మరేటి కలుపుతారు?"

"పసుపు ఎర్రగా ఎందుకైపోతాది?"

"సున్నం తగిల్తే ఎర్రబడదేటి? ఇదేటి పిచ్చి పెశ్న…" అని గున్నమ్మ ఆగిపోయింది.

పెట్టెలో ఉన్నదీ అలాంటిదేననీ, సున్నానికన్నా ఘాటైన క్షారమనీ ఉష చెప్పింది. రాత్రి పొర నానాలని పోసి ఉంచిన ఆ నీళ్ళు, వెంట్రుకవాసి సందులోంచి బయటికి వస్తున్నాయి. వచ్చిన చోటును పసుపు ఎర్రబడి చూపించింది.

ఆ మీదట ఉషకు ఇంకో సంగతి గుర్తొచ్చి బల్ల పట్టుకుని కూర్చుండిపోయింది. రోజూ ఆ మూలలో తెల్లగా పొడి పేరుకునేది. ఒడ్డున ఉన్న ఇంట్లో తెల్లగా కానిది ఏముంది? కిటికీ ఊచలు, తలుపు గడియ, కొండబాబు బండి, అన్నిటి మీదా ఉప్పుగాలి అట్ట కడుతుంది. ఇదీ అదే అనుకున్నారు. ఉష రోజూ తుడిచేది. ఉష మరిచిపోతే గున్నమ్మ తుడిచేది. అది ఉప్పు కాదు. కారిన క్షారం గాలికి ఆరి మిగిల్చిన తెలుపు. వేలు మండుతోందని మొన్న గున్నమ్మ అంటే రొయ్య ముల్లు గుచ్చుకుందని సరిపెట్టుకున్నారు. కారే చోటును అత్తాకోడళ్ళిద్దరూ శుభ్రత పేరుతో రోజూ చెరిపేశారు.

"పొర తప్పు కాదు బావా" అంది ఉష. "పొర ఆపుతున్నాది. మిథనాల్ దాని పక్క నుంచి, వదులైపోయిన రబ్బరు కింద నుంచి దొంగదారిని పోతన్నాది. అందుకే దీపం కునికినాది."

అయితే అది నెత్తురు కాదా అని జగ్గమ్మ అడిగింది. కాదని తెలిశాక ఆమె మొహం కొంచెం చిన్నబోయింది.

తర్వాత ఇల్లంతా కదిలింది. ఉష చేతులకు తొడుగులు వేసుకుని, ఎవరినీ దగ్గరకు రానివ్వకుండా క్షారం నీళ్ళు తోడింది. మరలు విప్పింది. ఆ మూలలో రబ్బరు పట్టీ నలిగి, అంచు చీలి ఉంది. కొత్త పట్టీ శ్రీకాకుళంలో గానీ దొరకదు. ఉష చూపు ఇల్లంతా తిరిగి, కొండబాబు బండి వెనక చక్రానికని తెచ్చుకున్న కొత్త ట్యూబు మీద ఆగింది. ఆ రబ్బరు క్షారానికి తట్టుకుంటుందంది. కొండబాబు ట్యూబును ఒకసారి దగ్గరకు తీసుకుని, కత్తెర అందించాడు.

ఈ సందడిలో వంటింట్లోంచి తాలింపు వాసన వచ్చింది. పొయ్యి ఎప్పుడు వెలిగిందో ఎవరూ చూడలేదు. గంగులు మాత్రం పీట మీద అప్పటికే కూర్చుని ఉన్నాడు.

మరలన్నీ బిగించి, క్షారం నీళ్ళు తిరిగి పోశాక ఉష పసుపు గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అత్తా, మళ్ళీ పుయ్యి."

"ఉప్పునీళ్ళతోనా, మంచినీళ్ళతోనా?" గున్నమ్మ గరిటె దించకుండానే అడిగింది.

"నీ ఇష్టం."

"గంగమ్మకి ఉప్పునీళ్ళే. లోపలికి పోతాదని నీకు భయమైతే, అతుకు బాగా బిగించనేదన్నమాట."

నరసింగరావు గారు వచ్చేసరికి పెట్టె మళ్ళీ పచ్చగా మెరుస్తోంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు. ఇదేమిటమ్మా అన్నారు. ఉష ఏదీ దాచకుండా చెప్పింది. తాము తెల్లపొడి తుడిచిన సంగతి కూడా చెప్పింది. ఆయన కాగితం ముక్క మీద పసుపు రాయించుకుని, క్షారం చుక్క వేసి, అది ఎర్రబడుతుంటే చిన్నపిల్లాడిలా ఒంగి చూశారు. ఈ సంగతి తమ ఇంట్లో పేరంటాలప్పుడు చూస్తూనే ఉన్నాననీ, ఇక్కడ వాడవచ్చని మాత్రం ఎప్పుడూ తోచలేదనీ నవ్వారు. గున్నమ్మ వేసిన చేపల పులుసు రెండోసారి కూడా అడిగి వేయించుకున్నారు. దాంతో ఆయన పెద్ద చదువు చదివినవాడేనని ఆమె ఒప్పుకుంది.

అన్నాలయ్యాక గున్నమ్మ తనంతట తానే కొంగు ముడి విప్పింది. ట్రంకు తెరిచి, సీసా తీసి, ఉష చేతిలో పెట్టింది. పోస్తున్నంతసేపూ గంగులుకూ సీసాకూ మధ్య నిలబడింది.

దీపం వెలిగింది.

అందరూ దాని చుట్టూ చేరి కూర్చున్నారు. క్రితం సారి కునికిన వేళ దాటింది. ఉష వంగి ఒక్కో అతుకూ చూసింది. పసుపు పసుపుగానే ఉంది. ఎండ వాలింది. దీపం మొదటి వెలుగులోనే ఉంది. కొండబాబు బండి ట్యూబు గురించి జగ్గమ్మతో గొప్పగా చెప్పడం మొదలుపెట్టాడు.

నరసింగరావు గారు లేచారు. బల్ల మీద ఇది గెలిచినట్టే అన్నారు. కానీ సముద్రం బల్ల కాదనీ, కుదుపుకు మరలు వదులవుతాయనీ, అసలు పరీక్ష బోటు మీదేననీ అన్నారు. రేపు బోటు ఒడ్డుకు చేరేదాకా దీపం నిలబడితే రొయ్య పొట్టు పొరే ఉంటుంది, విదేశీ పొర మాట ఆయన ఎత్తరు. అయితే అతుకులు చూసుకుంటూ రీడింగులు తీసేది ఉషే అయి ఉండాలి, ఇంకెవరు తీసినా ఆయన ఒప్పుకోరు.

అంతవరకూ నవ్వుతున్న గంగులు తల వంచుకున్నాడు.

"పెట్టె ఎక్కుతాది. కోడలు ఎక్కదు."

కోపంగా అనలేదు. గాలి ఎటు వీస్తోందో చెప్పినట్టు అన్నాడు. వేటకు వెళ్ళే బోటులో ఆడమనిషి కాలు పెట్టిన ఆనవాయితీ ఆ ఒడ్డున లేదు. కొండబాబు తండ్రికేసీ భార్యకేసీ చూశాడు. ఉష అత్తకేసి చూడడానికి కూడా భయపడింది. ఆ కట్టుబాటును అందరికన్నా గట్టిగా పట్టుకున్నది గున్నమ్మే. జగ్గమ్మ మనవరాలు ఆడుకుంటూ బోటు అంచెక్కితే కిందికి దింపి, వీధంతా వినేలా చీవాట్లు పెట్టిన మనిషి.

గున్నమ్మ లేచి ఇంట్లోకి వెళ్ళింది. ఆమె అలా వెళ్ళడం చూసి, ఇక అయిపోయిందనుకుంది ఉష. మగవాళ్ళు పెట్టెను మోసుకుని ఒడ్డుకు నడిచారు. ఉష వెనకాలే నడిచింది. పెట్టెకున్న దీపం ఆ మోత కుదుపులో కూడా ఆరకుండా వెలుగుతూనే ఉంది.

పెట్టెను బోటులో కట్టి, బోటును నీళ్ళలోకి దింపి, దాని తాడు గంగులు అందుకునేసరికి, గున్నమ్మ నీళ్ళలోకి వచ్చి నిలబడింది. చీర మోకాళ్ళ దాకా ఎగదోపి ఉంది. ఒక చేతిలో పసుపు గిన్నె.

"ఒసే ఉషా, రాయే" అంది.

గంగులు తాడు వదల్లేదు. "ఏటే ఇది?"

"ఈ బోటు అంచు సుట్టూ పసుపు పూసిన సెయ్యి ఎవులిది?"

"నీదే."

"సెయ్యి ఎక్కొచ్చు గానీ, మనిసి ఎక్కకూడదేటి?"

ఒడ్డున పక్క బోట్ల వాళ్ళు వలలు సర్దడం ఆపారు. నరసింగరావు గారు గడియారం చూసుకున్నారు. కెరటం వచ్చి గున్నమ్మ మోకాళ్ళు తడిపింది. ఆమె కదల్లేదు. ఉష వచ్చి ఆమె పక్కన నిలబడింది.

గంగులు భార్యను చూశాడు. దీపాన్ని చూశాడు. దాని కింద పచ్చగా ఉన్న అతుకుల్ని చూశాడు. తర్వాత భుజం మీది తుండుగుడ్డ తీసి, రెండుసార్లు దులిపి, బోటులో తాను రోజూ కూర్చునే పలక మీద పరిచాడు.

అది అత్తాకోడళ్ళు కూర్చోవడానికో, తాను కూర్చోవడానికో ఎవరికీ చెప్పలేదు. వీపు తిప్పి, ఇంజను తాడు చేతికి చుట్టుకుని, లాగకుండా ఆగాడు.